అత్త నాలుక మీది బూజు

మా అత్త నాలుక ఊరందరి సొత్తు. నేను కాపురానికి వచ్చిన తొలి ఎండాకాలంలోనే ఆ సంగతి తెలిసింది. కొత్తకోట దగ్గర సడక్ దిగి బండిబాట పట్టుకుని పోతే మా ఊరు వచ్చేది. ఆ ఊళ్ళో ఎవరింట్లో మామిడికాయ తొక్కు పెట్టినా, తిరగగలిపే రోజున ఒక ముక్కను ఆకులో పెట్టుకుని మా వాకిట్లోకి వచ్చేవారు. మా అత్త ఆ ముక్కను నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, దూలం వైపు మొహమెత్తి కాసేపు అట్లా ఉండిపోయేది. తెచ్చిన మనిషి ఊపిరి బిగబట్టుకుని నిలబడేది. "పిడికెడు ఉప్పు పడాలె" అంటే పడాల్సిందే. "మెంతులు మాడినయి, ఎవలు ఏంచిన్రు?" అంటే ఏంచిన కోడలికి ఆ రోజు మూడినట్లే.

అంత గొప్ప నాలుక ఉన్న మనిషికి ఒక చట్టం కూడా ఉండేది. తొక్కుకు బూజు పట్టిందంటే అది ఉప్పు తప్పు కాదు, తడి తప్పు కాదు, జాడి తప్పు కాదు. దూరముండాల్సిన రోజుల్లో ఎవరో ఆడమనిషి జాడిని ముట్టుకున్నది. అంతే. వేరే విచారణ లేదు.

ఆ చట్టం కింద మొదట శిక్షపడ్డది నాకు. మా అమ్మ నాకొక చిన్న జాడి ఇచ్చి పంపింది, నడుము దగ్గర గోధుమరంగు చార ఉండేది. దాంట్లో నేను పెట్టిన తొలి తొక్కు ఆ ఏడు వానాకాలంలో మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పి చూస్తే పైన తెల్లగా పొర కట్టి ఉంది. అదే సమయానికి ఎదురింటామె చల్ల కోసం వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది. చూసి ఊరుకుంటుందా? "అయ్యో, బూజు!" అని బజారుకు వినబడేట్టు అరిచింది.

మా అత్త వచ్చి వంగి చూసి, "దూరమున్నప్పుడు ముట్టినవ్" అన్నది.

"ముట్టలేదు అత్తమ్మా."

"ముట్టకుంటే బూజెట్లొస్తది?"

దీనికి ఏం జవాబు చెప్పాలి, నా తలకాయ! బిడ్డ మీద ఒట్టు పెడదామంటే అప్పటికి బిడ్డలు లేరు. మా అమ్మ మీద ఒట్టు పెట్టాను. అయినా మా అత్త జాడి ఎత్తుకుపోయి, నలుగురూ చూస్తుండగా పెంటకుప్ప మీద బోర్లించింది. ఆ రోజు నుంచి తొక్కుల అర్ర గడప నేను దాటొద్దని హుకుం. కారం దంచాను, ఎల్లిగడ్డలు ఒలిచాను, కాయలు కడిగి తుడిచాను, అన్నీ గడపకు ఇవతలే. అన్నంలోకి తొక్కు కావాలంటే పళ్ళెం చాపి నిలబడాలి. ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా నా ఇంట్లో నేను తొక్కు అడుక్కుని తిన్నాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నిజం చెప్పాలంటే నాకు తొక్కు మీద అంత మోజేమీ లేదు. నేను ముట్టలేదన్న మాట ఒక్క మనిషైనా నమ్మితే చాలనుకున్నాను. మా ఆయన కూడా "పోనీలే" అనేవాడే కానీ నమ్ముతున్నానని ఒక్కనాడూ అనలేదు.

అట్లా ఏండ్లు గడిచాయి. పంతొమ్మిదివందల అరవైల్లో ఒక ఎండాకాలం మొదట్లో మా అత్తకు టైఫాయిడ్ జ్వరం పట్టుకుంది. కొత్తకోటలో సడక్ పక్కన కూర్చునే డాక్టరు గొట్టం గోలీలు ఇచ్చాడు. జ్వరం దిగింది. ఇక చాలు, ఆపండి అని కూడా చెప్పాడు. కానీ సగం ఎర్రగా సగం తెల్లగా నిగనిగలాడే ఆ గొట్టాల మీద మా అత్తకు భక్తి కుదిరింది. "బలమొస్తాంది బిడ్డా, ఇంకిన్ని తే" అని కొడుకును దుకాణానికి తోలి, మళ్ళీ మళ్ళీ తెప్పించుకుని మింగింది. తల్లి మాట జవదాటని మా ఆయన తెచ్చి పోశాడు.

ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "పప్పు మన్ను లెక్కుంది" అన్నది. పప్పు వండింది నేను. నాకు మండింది. మరునాడు చారు మన్నులాగే ఉందన్నది, ఆ మరునాడు జొన్న గట్క. నన్ను ఏదో ఒకటి అనడానికి సాకు వెతుకుతోందనే అనుకున్నాను. సాయంత్రం మా మామ గొర్లను దొడ్లో తోలి, కల్లు ముంత తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఒక్క గుక్క తాగి ముంత పక్కకు నెట్టేసింది.

"గిది గూడ మన్నే" అన్నది.

అప్పుడు ఇల్లంతా భయపడింది. మా మామ మొహం పాలిపోయింది. కల్లు రుచి పోయిందంటే మనిషి ఇక దక్కదని ఆయన లెక్క. నాలుక చాపించి చూస్తే, విరిగిన పాల తరకల్లాంటివి తెల్లగా అంటుకుని ఉన్నాయి. బట్టతో తుడిస్తే కింద ఎర్రగా పుండులా కనబడింది, మా అత్త "మంట!" అని మూలిగింది.

మళ్ళీ కొత్తకోట. ఈసారి నేనూ వెళ్ళాను. డాక్టరుది కోస్తా వైపు మాట. టార్చి లైటు వేసి నోట్లోకి చూసి, "ఇది బూజమ్మా" అన్నాడు.

మా అత్త నోరు తెరిచింది తెరిచినట్లే ఉండిపోయింది.

"ఏం బూజు?" అన్నాడు మా ఆయన.

"బూజుల్లో ఒక జాతి. అందరి నోట్లోనూ ఉంటుంది. మీ నోట్లో ఉంది, మీ ఆవిడ నోట్లో ఉంది, నా నోట్లో కూడా ఉంటుంది. కడుపులో, పేగుల్లో, ఒంటి మడతల్లో దాని మానాన అది పడి ఉంటుంది. మీరేమో చెప్పినా వినకుండా ఆ గొట్టాలు మింగించారు. అవి లోపల మంచి క్రిముల్ని కూడా చంపేశాయి. చోటు ఖాళీ అయ్యింది, పైగా జ్వరంతో మనిషి నీరసంగా ఉంది. ఇక దానికి అడ్డేముంది? పెరిగింది."

మా ఆయన సిగ్గుపడుతూ చొక్కా పైకెత్తి వీపు మీది శోభి మచ్చలు చూపించాడు. అదీ ఆ వంశమేనన్నాడు డాక్టరు. మా బాపుకు గజ్జల్లో తామర ఉంది అని మా ఆయన అంటే, దాయాదులే అన్నాడు. నెత్తి మీది చుండ్రులో కూడా వాటి చెయ్యి ఉందని కొందరంటున్నారట. చూస్తుండగానే మా ఇంట్లో ఒక కులం కులమే కాపురం ఉంటోందని తేలింది.

మా అత్త ఇవేవీ వింటున్నట్లు లేదు. డాక్టరు చెయ్యి పట్టుకుని, "ముట్టకుండనే వస్తదా?" అని అడిగింది.

"దేన్ని ముట్టకుండా?"

"ఎవ్వలు ఏం ముట్టకుండనే, ఏ తప్పు చెయ్యకుండనే, బూజొస్తదా?"

"ఉన్నదే కదమ్మా, కొత్తగా రావడానికేముంది? అదను దొరికితే పెరుగుతుంది. తప్పెవరిది?"

"జర మళ్ళొక్కసారి చెప్పుండ్రి సారూ" అన్నాను. ఆయన చెప్పాడు. "జర గట్టిగ చెప్పుండ్రి" అన్నాను. మా ఆయన నా చెయ్యి గిల్లాడు. మా అత్త నావైపు చూడలేదు, గోడవైపు చూసింది.

డాక్టరు గొట్టాలు మానేయమని చెప్పి, ఊదారంగు మందు ఒక సీసాలో పోసి ఇచ్చాడు. దాన్ని నోట్లో పూస్తే నాలుక, పళ్ళు, పెదాలు అన్నీ నేరేడుపళ్ళు తిన్నట్లయ్యాయి. గడ్డం మీదికి కూడా కారింది. బస్సులో మా అత్త ఎదురుగా కూర్చున్న ఒక ముసలాయన ఆమెను చూసి దండం పెట్టాడు. ఏ దేవతనుకున్నాడో ఏమో.

ఇక చట్టం రద్దవుతుందని దారి పొడుగునా నేను మురిసిపోయాను. ఇంటికి పోగానే నన్ను పిలిచి, "పిల్లా, నువ్వు ముట్టలేదు, నేనే అన్యాయంగ అన్న" అంటుందని, అప్పుడు నేనేమనాలో కూడా తయారు చేసుకున్నాను. ఇంటికి చేరాక మా అత్త చేసిన పనేమిటంటే, తొక్కుల అర్ర ముందు ఆగి, గడపకు ఇవతల చతికిలబడింది.

"బూజు పట్టిన మనిషిని. ఇగ నేను గీ అర్రల అడుగు పెట్టద్దు" అన్నది.

చట్టం రద్దు కాలేదు. ఆమె కూడా దాని కింద పడింది!

అక్కడితో ఆగినా బాగుండేది. బూజు సంగతి తనకంటే ఎక్కువ ఎవరికి తెలుసని, నాలుకకు తొక్కు వైద్యం మొదలుపెట్టింది. తొక్కుకు బూజు రాకుండా ఏం చేస్తాం? ఉప్పు, పసుపు, పైన తేలేట్టు నూనె, ఎండ, మీద వాసెన. అవన్నీ నాలుకకు చేసింది. ఉప్పూ పసుపూ రాసుకుని, నోటి నిండా నువ్వుల నూనె పోసుకుని, మిట్టమధ్యాహ్నం వాకిట్లో రోలు పక్కన కూర్చుని, సూర్యుడికి ఎదురుగా నోరు తెరిచేది. నూనె వేడెక్కిందనిపించాక పల్చటి గుడ్డ నోటికి అడ్డంగా కట్టుకునేది. ఊదా మందు నూనెలో కలిసి ఆ గుడ్డ గుండా ఊరేది. మా మామ మంద తోలుకుని వచ్చి, వాకిట్లో నిలబడిపోయాడు.

"ఏందే, ముసల్దానికి వాసెన కట్టిన్రు?" అని నన్ను అడిగాడు.

ఆమె చెబితే నూనె పోతుంది. నవ్వు ఆపుకోవడానికే నాకు చాలా కష్టంగా ఉంది.

ఊళ్ళో తొక్కులు పెట్టే రోజులు. ఎదురింటామె ఆకులో ముక్క పట్టుకుని వచ్చింది. మా అత్త నూనె ఉమ్మేసి, "నా నాలుకకు బూజొచ్చింది, రుచి చూడరాదు" అన్నది. అంతటితో ఊరుకోవచ్చు కదా. "నీ నోట్ల గూడ ఉంది. అందరి నోట్ల ఉంటదని డాక్టర్ సాబ్ చెప్పిండు" అని కలిపింది.

"నాకెందుకుంటది బూజు? మీ ఇంట్ల ఉంటే ఉండనియ్యి! మాది శుభ్రమైన నోరు!" అని ఎదురింటామె లేచింది.

ఆ శుభ్రమైన నోటితో ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మరునాటికల్లా ఊరు రెండుగా చీలింది, బూజు ఉన్నదనేవాళ్ళు, లేదనేవాళ్ళు. బాయి దగ్గర బిందెలు పక్కన పెట్టి ఆడవాళ్ళు ఒకరి నాలుకలు ఒకరు చూసుకున్నారు. అద్దమున్న ఇంటి ముందు జనం. దొడ్డి పేడ తడిలో కాళ్ళు నాని వేళ్ళ సందులు పాసినవాళ్ళు గబగబా కాళ్ళు చీర కింద దాచుకున్నారు. ఇన్నాళ్ళూ తొక్కు బూజు పట్టిందని కోడళ్ళను తిట్టిన అత్తలందరూ నోరు మూసుకున్నారు. తెరిస్తే ఎవరైనా చూస్తారేమోనని.

ఇంతలో మా చేనుగట్టు చెట్ల కాయలు దింపి బండిలో తెచ్చారు. ఏడాదంతా మాకు ఆ తొక్కే ఆధారం. గొర్ల వెంట పోయేవాళ్ళకు సద్దిలోకి అదే, కూలికి వచ్చినవాళ్ళకు అదే. అటు చూస్తే మృగశిర మబ్బులు కమ్ముకొస్తున్నాయి. కాయలు కొట్టి ముక్కలు చేసి పెట్టాం. ఇక కలపాలి. ఎవరు కలపాలి?

మా అత్త అందరినీ అరుగు మీద వరసగా కూర్చోబెట్టి తనిఖీ చేసింది. తొక్కుల పనికి సాయం వచ్చిన ఆడబిడ్డకు నెత్తిలో చుండ్రు, పనికిరాదు. తోడికోడలికి కాలివేళ్ళు పాసినయి, పనికిరాదు. మా ఆయన వీపు చూపించకుండానే లేచి వెళ్ళిపోయాడు. మామ మాత్రం కూర్చున్నాడు కానీ నాలుక చాపలేదు.

"మందల గజ్జి లేని గొర్రె ఒక్కటి లేదే నాకు" అన్నాడు. "గజ్జి ఉందని అన్నిట్ని అడివికి తోల్తనా? నువ్వు జెప్పు."

"గొర్లు తొక్కు పెట్టయి" అన్నది మా అత్త.

ముక్కలు నీరుకారడం మొదలుపెట్టాయి. ఉరిమింది.

అప్పుడు మా అత్త నా వైపు తిరిగింది. "పిల్లా, నువ్వు కలుపు."

"నేనా? దూరముండి జాడి ముట్టినదాన్ని కదా నేను. పెంటకుప్పకు పోయింది కదా నా తొక్కు" అన్నాను. అంతకాలంగా కడుపులో పెట్టుకున్నది, ఆగుతుందా!

"నీ చేతి సంగతి నాకు ఎరికే. కడమోళ్ళది నాకేం ఎరిక? ఎరికున్న బూజు నయం" అన్నది.

ఇదేం న్యాయం! క్షమాపణ అనుకోవాలా, తిట్టు అనుకోవాలా? చీర కొంగు విదిలించి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ముక్కలు కళ్ళ ముందు పాడైపోతున్నాయి. పిల్లలు ఏడాదంతా ఏం తింటారు? చేతులు కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని గడప దాటాను. లోపల ఆవపిండి, ఇంగువ, పాత నూనె వాసన. జాడీలన్నీ గోడవారగా ఉన్నాయి. ఎందుకో తెలియదు, ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, కొంగు తడి చేతికి అంటిందేమోనని మళ్ళీ చేతులు తుడుచుకున్నాను.

మా అత్త గడప ఇవతల నిలబడి, ఊదారంగు నోటితో ఇంత కారం, ఇంత ఆవపిండి అని చెబుతుంటే నేను కలిపాను. అంతా అయ్యాక అలవాటుగా చెయ్యి చాపింది. నేనొక ముక్క ఇచ్చాను. నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని, దూలం వైపు మొహమెత్తింది. చాలాసేపు అట్లాగే ఉంది. తర్వాత ముక్కను చేతిలోకి ఉమ్మేసి, "ఏం తెలుస్తలేదు. నువ్వు చూడు" అన్నది. గొంతు చాలా చిన్నగా ఉంది. ఆ ఒక్క క్షణం ఆమె మీద నాకు జాలి కలిగింది.

నేను చూశాను. నాకు తెలియకుండానే కళ్ళు మూతపడ్డాయి, మొహం పైకి లేచింది.

"పిడికెడు ఉప్పు పడాలె" అన్నాను.

"ఏసెయ్యి" అన్నది మా అత్త.

నెల తిరక్కుండానే ఆమె నాలుక బాగుపడింది. ఊదా మందు వల్లా, నూనె వల్లా అన్నది మా ఇంట్లో తేలని తగువు. గొట్టాలు మానడం వల్ల అని నా మాట. రుచి తెలిసిన రోజున ముందుగా నా పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పింది. ఊరివాళ్ళు మళ్ళీ ఆకులు పట్టుకుని రావడం మొదలుపెట్టారు, ఎదురింటామె కూడా.

వానలు ముసురు పట్టిన ఒక పగటిపూట, తొక్కు తీద్దామని నేనూ మా అత్తా పెద్దజాడి వాసెన విప్పాం. పైన తెల్లటి పొర!

నేనే కలిపిన తొక్కు. కానీ ఈసారి నా దగ్గర సాక్ష్యముంది. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. జాడి పెట్టింది మొదలు నేను దూరముండాల్సిన రోజే రాలేదు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను. అంతలో మా అత్త తలుపు వైపు ఒకసారి చూసి, దగ్గరికి వేసి, మూల నుంచి పొడి గరిటె తీసింది. పొరను అంచు నుంచి లేపి, ముక్క చెదరకుండా చుట్టూ తిప్పి, ఆకులోకి తీసేసింది. ఉప్పు చల్లింది. కాచి చల్లార్చిన నూనె పైన పోసింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు. మొదటిసారి చేస్తున్న చెయ్యి కాదది.

"ఇంతకుముందు గూడ తీసినవా అత్తమ్మా?" అన్నాను.

"ప్రతి ఏడు తీస్త. ఏదో ఒక జాడికి రానే వస్తది. కింద మంచిగనే ఉంటది."

"మరి నా జాడి?"

ఆమె కొత్త గుడ్డ వేసి తాడు చుట్టింది. "నీ జాడి గూడ కింద మంచిగనే ఉండె."

ఇన్నేండ్లు! పళ్ళెం చాపి నిలబడ్డ ఇన్నేండ్లు! "మరెందుకు పారబోసినవ్? ఎందుకు నన్ను అబద్ధాలదాన్ని చేసినవ్?" అని అరిచాను.

"గా ఎదురింటిది చూసె కదా. నువ్వు ముట్టలేదంటే, మరెట్లొచ్చిందని అడుగుతరు. నా జాడీలు గూడ విప్పి చూస్తరు." తాడు ముడి వేసి, ముడి మీద చెయ్యి అట్లాగే ఉంచింది. "నా చేతిలనే ఏదో పాపముందనుకున్న పిల్లా, ఇన్నొద్దులు. నేను కాపురానికొచ్చిన ఏడు మా అత్త గూడ నా జాడి పెంట మీద పోసింది. నేను గూడ ముట్టలే."

డాక్టరు చెయ్యి పట్టుకుని ఆమె ఎవరి గురించి అడిగిందో అప్పుడు తెలిసింది నాకు. ఆమె మీద అరవాలని ఉంది, ఆమెను పట్టుకోవాలనీ ఉంది. ఏదీ చేతకాక, జాడి పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

మా అత్త తన కొంగుతో నా కళ్ళు తుడిచి, జాడిని అవతలికి జరిపింది.

"ఏడిస్తే ఏడువు గని, జర దూరం జరుగు" అన్నది. "కండ్లనీళ్ళు పడితే బూజొస్తది."